పొట్టలోంచి అరుపు

హాసిని పిడికిలి ప్యాడ్‌కి తగలకముందే ధనశ్రీ కళ్లు మూసేసుకుంది.

ప్యాడ్ కిందకి జారిపోయింది. పిల్ల గుద్దు గాల్లో పోయింది.

"ఏటమ్మా ఇది! పట్టుకున్న తల్లే భయపడిపోతే పిల్లకి ధైర్యం ఎక్కణ్ణించి వత్తాది?" అన్నాడు త్రినాథ్ మాస్టారు.

చుట్టూ నవ్వులు.

అనకాపల్లిలో ఓ స్కూలు గ్రౌండు. పొద్దున్నే కరాటే ఫ్యామిలీ బ్యాచ్. పిల్ల గుద్దాలి, తల్లో తండ్రో ఎదురుగా ప్యాడ్ పట్టుకోవాలి.

మంచు ఇంకా విడలేదు. తెల్ల డ్రెస్సుల్లో అందరూ పొలంలో దిగిన కొంగల్లా ఉన్నారు. తుమ్మపాల వైపు నుంచి బెల్లం వండే వాసన మెల్లగా వచ్చి ఆ మంచులోనే ఆగిపోయింది.

"నాకియ్యమ్మా, నేను పడతాను."

మంచులోంచి ఓ లావుపాటి మనిషి వచ్చింది. పేరు నూకరత్నం. కశింకోట నుంచి షేర్ ఆటోలో వస్తుంది. హాసిని చేరిన కొన్నాళ్లకే చేరింది. వెంట పిల్లలెవరూ లేరు.

"కొట్టు తల్లీ."

హాసిని మెత్తగా గుద్దింది.

నూకరత్నం దబ్బున వెనక్కి పడింది. నిజంగా పడిందో, పడ్డట్టు చేసిందో తెలీదు.

"ఒలమ్మో! ఏటి తింతన్నావే నువ్వు? మళ్లీ కొట్టు!"

హాసిని కిసుక్కున నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

వేసంగిలో హాసిని గుమ్మం ముందు ఆడుకుంటుంటే, బండి మీద వచ్చిన కుర్రాడొకడు దారి అడిగినట్టే అడిగి మెడలో గొలుసు లాక్కుపోయాడు. పిల్ల రోడ్డు మీద పడింది. అరవలేదు. ఆ తర్వాత కూడా దాని గొంతు పైకి లేవలేదు. అన్నం కావాలన్నా అమ్మ చెవిలోనే చెప్పేది.

పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. వాడు నేను కాదంటున్నాడు. మొహం చూసింది హాసిని ఒక్కతే. కోర్టులో అందరికీ వినబడేలా "ఈయనే" అనాలి. అనకపోతే వదిలేస్తారట. వదిలేస్తే ఆ బండి మళ్లీ తమ వీధిలోకే వస్తుందని ధనశ్రీ భయం. బండి చప్పుడైతే చాలు, చేతిలో గరిటె వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేది.

"అందుకే ఇందులో వేసేను రత్నమప్పా. ఇక్కడైతే అరవడం నేర్పుతారు కదా అని."

నూకరత్నం మొహం మంచు వైపు తిప్పుకుంది.

"సెప్తాదమ్మా. సెప్పించాల," అంది.

రోజూ ఆవిడే ప్యాడ్ పట్టేది. రోజూ పడేది, లేచేది.

"గొంతులోంచి కాదు తల్లీ, పొట్టలోంచి రావాల అరుపు. నాకు దెబ్బ తగులుద్దని సూడకు. ఎవులికి నొప్పెట్టినా సరే, ఉన్నదున్నట్టు అరిసెయ్యాల."

ఓ పొద్దున వచ్చింది అరుపు. గోడ మీది కాకులు ఒక్కసారి లేచిపోయాయి. మంచు కూడా కాస్త పక్కకి జరిగినట్టనిపించింది ధనశ్రీకి.

నూకరత్నం కళ్లనిండా నీళ్లు.

"గట్టిగా తగిలిందా అత్తా?"

"తగిలిందే. తగలాలే," అంది ఆవిడ, పిల్లని దగ్గరకి తీసుకుని.

పక్కన నడుం వంచలేక ఆయాసపడుతున్న ఇంకో తల్లి బిందుమాధవి ధనశ్రీ చెవిలో గుసగుసలాడింది.

"ఏవే, పరాయి పిల్లని పట్టుకుని ఆ ఏడుపేటే? ఆవిడకి పిల్లల్లేరేటి?"

ధనశ్రీ ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ ఒక్కటీ అడక్కమ్మా," అంది నూకరత్నం.

ఆ సాయంత్రానికి హాసిని ఒళ్లు కాలిపోయింది.

ధనశ్రీ ఎండుమిరపకాయలు, ఉప్పు పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. కాయలు నల్లగా మాడిపోయాయి. ఘాటు రాలేదు. ఎవరికీ చిన్న దగ్గు కూడా రాలేదు.

అంటే దిష్టే. అదీ పిల్లల్లేని మనిషి దిష్టి.

జ్వరం తగ్గాక గ్రౌండుకి వెళ్లి, ఆవిడ మొహంలోకి చూడకుండా అనేసింది.

"ఏమనుకోకండప్పా. ఇంక మా పిల్లని ముట్టుకోకండి. మీ చూపు దానికి పడట్లేదు."

నూకరత్నం ప్యాడ్ ఆమె చేతిలో పెట్టేసింది.

"అలాగేనమ్మా. అరుపొచ్చేసింది కదా, ఇంక నాతో పనేటి?"

మంచులో నడుచుకుంటూ పోయింది. మళ్లీ రాలేదు.

వాయిదా రోజు వచ్చింది.

"గొలుసు లాగినవాళ్లు ఈ గదిలో ఉన్నారా పాపా?" జడ్జిగారు మెత్తగానే అడిగారు.

హాసిని పెదాలు కదిలాయి. మాట లేదు. బోనులో కుర్రాడు తల వంచుకుని ఉన్నాడు. ధనశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది.

పిల్ల బెదురుగా చుట్టూ చూసింది. చూపు ఒకచోట ఆగింది. ధనశ్రీ కూడా తిరిగి చూసింది.

వెనక బెంచీ మీద నూకరత్నం.

ఆవిడ కాసేపు కళ్లు మూసుకుంది. తెరిచి, నెమ్మదిగా తల ఊపింది.

"ఈయనే!"

ఫ్యాను చప్పుడు కూడా వినబడనంత గట్టిగా అరిచింది హాసిని.

ధనశ్రీకి ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి. అంత మాటన్నా తన పిల్ల కోసం ఇంత దూరం వచ్చింది ఆ మనిషి. కాళ్ల మీద పడిపోవాలనుకుంది.

అంతా అయ్యాక పిల్లని లాక్కుంటూ వరండాలోకి వచ్చింది. నూకరత్నం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ధనశ్రీ రెండు చేతులూ జోడించబోయింది.

అంతలో పోలీసులు ఆ కుర్రాణ్ణి బయటకి తీసుకొచ్చారు. వాడు నడుస్తున్నవాడల్లా నూకరత్నం ముందు ఆగిపోయాడు.

"కన్నకొడుకునని కూడా చూడకుండా ఆ పాపకి తల ఊపింది నువ్వేనా అమ్మా?" అని అడిగాడు.