పచ్చబడిన కళ్లు

"అబద్ధం చెప్పాకండి సార్. నేను బతకను" అంది పర్వీన్. నంద్యాల ఆసుపత్రి మంచం మీద ఆమె పడుకుని ఉంది.

డాక్టరు స్కానింగు చూపించాడు. "పిత్తాశయంలో రాళ్లున్నాయమ్మా. ఒకటి జారి నాళానికి అడ్డం పడింది. అందుకే కామెర్లు. ఆపరేషన్ చేస్తే నయమవుతుంది."

"మా అమ్మకూ ఇట్లే కళ్లు పచ్చబడినాయి. అన్నం తింటే కుడిపక్క నొప్పి లేసేది. పసరు పోయించినాం. ఇరవై దినాల్లో అమ్మ సచ్చిపోయింది."

"స్కానింగు తీయించలేదా?"

"లేదు." ఆమె డాక్టరు ముఖంలోకి చూసింది. "అంటే, మా అమ్మ బతికేదా?"

"చూడకుండా ఎట్లా చెప్పేదమ్మా" అన్నాడాయన మెల్లగా.

పర్వీన్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత పక్కనున్న తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జావేదూ, ఆళ్లగడ్డలో చిన్నక్క ఈ నొప్పికే పసరు తాగుతాంది. బేగా పోయి ఈడికి పిల్చకరా."