సామాన్ల గది సీను

"అక్కకి మాత్రం చెప్పకు బావా. తను లోపలికెళ్ళగానే నిజంగానే గడియ పెట్టెయ్. నాకు ఉత్తుత్తి అరుపులొద్దు."

"మీ అక్క అరవదోయ్. ఈ ఇంట్లో గొంతు పెంచేది మిక్సీ ఒక్కటే," అన్నాడు బావ.

ఇవాళ అంత పేరు మోసిన దర్శకుడు అప్పట్లో తీస్తున్నది తన తొలి సినిమా. భార్యని గదిలో బంధించే భర్త కథ. అద్దె కెమెరా తప్ప పైసా ఖర్చు లేదు. ఇల్లు అతని అక్కది, భార్య వేషం అక్కది, భర్త వేషం బావది.

కెమెరా తిరిగింది. అక్క సామాన్ల గదిలోకి వెళ్ళింది. పొద్దున దర్శకుడు ఎంత నెట్టినా పడని గడియని, బావ తలుపు కాస్త పైకెత్తి, అటు చూడకుండానే వేసేశాడు.

ఇక అక్క తలుపు బాదాలి, కేకలు పెట్టాలి. లోపల చప్పుడే లేదు. కాసేపటికి తలుపు సందులోంచి సన్నగా గొంతు వినిపించింది.

"ఇవాళొద్దండీ. మా తమ్ముడు చూస్తున్నాడు."

ఆ మాట స్క్రిప్టులో లేదు.

"చూశావా, ఎంత సహజంగా చేస్తోందో," అని నవ్వాడు బావ.

దర్శకుడు కట్ చెప్పలేదు. కెమెరాని అలాగే వదిలేసి, వెళ్ళి గడియ లాగాడు. రాలేదు. రెండు చేతులతో గుంజాడు.

"నువ్వా తమ్ముడూ? అలా రాదురా," అంది అక్క లోపల్నుంచి. "నేను ఇటు నుంచి తలుపు ఎత్తి పడతాను, అప్పుడు లాగు. పాప బడి నుంచొచ్చి అలాగే తీస్తుంది."