పది చేతుల చొక్కా

టైలర్‌కు అంకెలు వచ్చు. అక్షరాలు రావు.

కొలతలన్నీ అంకెలే కాబట్టి ఇరవై ఏళ్ళుగా దుకాణం నడిచిపోయింది. చిక్కల్లా కూతురితోనే వచ్చింది. ఏడో తరగతి దాకా చదివానని ఎప్పుడో ఆ పిల్ల దగ్గర గొప్పలు పోయాడు.

ఇప్పుడు పదకొండేళ్ళ ఆ పిల్ల రెండు కళ్ళకూ ఆపరేషన్ అయి, కట్లతో ఆస్పత్రి మంచం మీద ఉంది. వెంట తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకాన్ని మొదటిరోజే తండ్రి చేతిలో పెట్టింది.

"పాతాళానికి దిగిన అమ్మాయి కథ నాన్నా. రోజూ కాస్త చదివి పెట్టు."

కాదనడానికి నోరు రాలేదు. పుస్తకం తెరిచాడు. అదృష్టం కొద్దీ లోపల బొమ్మలున్నాయి. పాము పడగ మీద కూర్చున్న పిల్ల, ఏట్లో జుట్టు పరుచుకున్న ముసలమ్మ, పది చేతుల రాక్షసుడు. మిగతాది తన చిన్నప్పుడు తల్లి చెప్పిన నాగకన్యల కథల్లోంచి లాగి అతుకులు వేశాడు. గొంతు సవరించుకుని "నలభై రెండో పేజీ" అని దర్జాగా మొదలుపెట్టేవాడు. రాక్షసుడికి చొక్కా కుట్టాలంటే పది చేతులకూ ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుందో కూడా లెక్కకట్టి చదివేశాడు.

పిల్ల పడీ పడీ నవ్వింది. "అవునా? ఆ తర్వాత?" అని అడిగింది. కట్టు కదులుతుంది, నవ్వించకండి అని నర్సు కోప్పడింది.

ఒకరోజు ఆ నర్సే చెయ్యి చాపింది. "అలిసిపోయినట్టున్నారు, ఇటివ్వండి, కాసేపు నేను చదువుతాను."

టైలర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దక్కా, నాన్న చదివితేనే నాకు బాగుంటుంది" అంది పిల్ల.

ఆ పూటకు గండం గడిచింది. అసలు గండం గురువారం ఉంది. ఆరోజు కట్లు విప్పుతారు. చూపు వస్తుందన్న సంతోషం ఒకపక్క, ఆ చూపుతో మొట్టమొదట ఈ పుస్తకమే తెరుస్తుందన్న భయం ఇంకోపక్క. అన్నం సహించలేదు. ఎవరిదో ప్యాంటుకు కుడికాలు రెండంగుళాలు పొట్టిగా కత్తిరించి పారేశాడు.

"నిజం చెప్పెయ్యరాదూ?" అంది భార్య.

"ఇన్నాళ్ళూ ఉత్తుత్తినే చదివావా నాన్నా అంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

గురువారం ఇంకో వారం ఆలస్యంగా వస్తే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. కన్నతండ్రికి రావలసిన ఆలోచనేనా అది అని తనను తానే తిట్టుకున్నాడు.

గురువారం పొద్దున్నే, పిల్ల నిద్రలేవకముందే పుస్తకం సంచీలో వేసుకుని లైబ్రరీకి నడిచాడు. గడువు దాటిందని వెనక్కి తీసేసుకున్నారు అంటే సరిపోతుంది. తలుపులు తెరిచేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు.

లైబ్రేరియన్ పుస్తకం అందుకుని, అట్ట చూసి నవ్వింది.

"ఆస్పత్రికీ ఇదే పట్టుకెళ్ళిందా టైలర్ గారూ, మొదటి పేజీ నుంచి చివరిదాకా పుస్తకం మూసిపెట్టి అప్పజెబుతుందే మీ అమ్మాయి."