చెక్క దిగని మనిషి

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది.

బురదకి కాస్త పైన కట్టిన చెక్క మీద కూర్చున్న కళ్లద్దాల మనిషి మోకాలు పట్టుకునే గడియారం చూసుకున్నాడు.

"ఇంకో పదకొండు నిమిషాలు. అంతవరకు దగ్గరికి రాకండి, దయచేసి!"

అతని ముందు చిత్తడినేలలో దిగ్గొట్టిన గుండ్రటి ప్లాస్టిక్ కట్టు. దాని మీద బోర్లించిన, గాజులా మెరిసే డబ్బా.

"చూశావా బావా! పోయిన నెల కంపెనీవాళ్లు ఇనప గూటాలు పాతారు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి తెచ్చారు." చెక్క పక్కనే ఆగిన పడవలోంచి రెల్లు కోసేవాడి బావమరిది గెడ మళ్లీ ఎత్తాడు.

గూటాలు పాతిన చోటల్లా మట్టి పోశారు. చాపలల్లే పదిహేడు ఇళ్లకి మిగిలింది ఈ రెల్లు ముక్కే. దీన్నీ పూడ్చాలా వద్దా అన్నది రేపు కోర్టు తేల్చాలి.

"ఎవడు పంపాడ్రా నిన్ను?" రెల్లు కోసేవాడు ఒక కాలు పడవ అంచు మీద వేశాడు.

"బురదలో దిగకండి!" ఆ మనిషి గొంతు చించుకున్నాడు.

రెల్లు కోసేవాడికి ఒళ్లు మండిపోయింది.

"మా తాతల నాటి నుంచి దిగుతున్న బురదరా ఇది! అప్పుడే నీ బాబు సొత్తయిపోయిందా?"

గెడ భుజం మీద పడింది. ఎముక పుటుక్కుమంది. రెల్లు కోసేవాడి కొడవలి మొద్దువైపు నుదుటికి తగిలింది. కళ్లద్దాలు నీళ్లలో పడ్డాయి.

చుట్టూ నిలువెత్తు రెల్లు. పది అంగలేస్తే మాయమైపోవచ్చు. ఆ మనిషి దిగలేదు. డబ్బాకి అడ్డంగా వంగి, ఆడే చెయ్యి చాపి కాచుకున్నాడు.

"మొండి ఘటం బావా! పారిపోడే!"

"పారిపోతే వదిలేద్దుంగా. ఈసారి తల మీద వెయ్యి."

వేశాడు.

డబ్బా పగిలింది. ఇద్దరూ బురద తొక్కుకుంటూ వెళ్లి కట్టు పెరికారు. అతని సంచిలోని లావుపాటి నోటుపుస్తకాన్ని నీళ్లలోకి విసిరారు.

రెల్లు కోసేవాడి ఫోన్ మోగింది. వాళ్ల కేసు చూసే ప్లీడరమ్మ.

"బాబాయ్, రేపు కేసు మనదే! మనకో సాక్షి ఉన్నాడు."

"సాక్షా?"

"తెలిస్తే కంపెనీవాళ్లు ఆయన్ని బతకనివ్వరని మీకు కూడా చెప్పలేదు, ఆయన్నీ ఎవరి దగ్గరా నోరు విప్పొద్దన్నాను. ఈ నేల భూమిని వేడెక్కించే గాలి కక్కుతోంది, పూడ్చాలి అనేగా వాళ్ల వాదన? కక్కేదానికంటే మింగేదే ఎక్కువని ఏడాదిగా కొలుస్తున్నాడు. లెక్కలన్నీ ఆయన నోటుపుస్తకంలోనే ఉన్నాయి. ఇవాళ్టిది ఆఖరి కొలత."

రెల్లు కోసేవాడు చెక్క వైపు తిరిగాడు.

"మనిషి... ఎలా ఉంటాడమ్మా?"

ప్లీడరమ్మ నవ్వింది.

"కళ్లద్దాలు. అదో రకం మనిషి బాబాయ్. అడుగు పడితే బురదలోని గాలి తన్నుకొచ్చి లెక్క మనకే ఎదురు తిరుగుతుందట. పులొచ్చినా చెక్క దిగడు!"

ఇద్దరూ తొక్కిన చోటల్లా బుడగలు లేస్తూనే ఉన్నాయి.

చెక్క అంచున కదలకుండా వేలాడుతున్న ఆ మనిషి బూట్లకి మాత్రం ఒక్క చుక్క బురద లేదు.