అరగని పేజీలు

"గీ కాలేజీ వద్దు బిడ్డా, ముప్పై పేజీలు గూడ అరగలే!"

గౌలిగూడలో పాత టైర్లమ్మే బిచ్చయ్య, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూర్చుని పాత డిగ్రీ పుస్తకాన్ని బొటనవేలితో రుద్దుతున్నాడు. కూతురు చంద్రిక పీజీ దాకా చదవాలంటే, ఆమె చీటీలో రాసుకొచ్చిన మూడు కాలేజీల్లో దేంట్లో చేర్చాలో, పుస్తకాల మీదున్న కాలేజీ పేర్లు, పేజీల అరుగుదల చూసి తేలుస్తున్నాడు. చంద్రికకు తల కొట్టేసినట్టయింది.

"ఇగ గీ రెండో కాలేజోళ్లది గైడొక్కటే అరిగింది."

త్వరగా ముగిద్దామని చంద్రిక పాత పుస్తకాలమ్మే ఆయన్ని అడిగింది. "మూడో కాలేజీవి లేవా అన్నా?"

"గాళ్లు అమ్మరమ్మా. పీజీకి పోయినా గవే చదువుతరు."

బిచ్చయ్య పెదవి విరిచాడు. "సరుకు చూడకుండ ఎట్ల నమ్ముతం?"

చంద్రిక చీటీలో మూడో పేరు కింద గీత గీసింది.

"రోడ్డు మీద నడుస్తున్న టైరు మన దుకాణానికి వస్తదా, బాపూ?"