వెనక చక్రాల తడి

"నువ్వు మెకానిక్కువా, మాయలోడివా? మూడుసార్లు తీశావు నా పరువు! నువ్వూ, ఆ ఇన్‌స్పెక్టరూ కలిసి నా కారుని పాతిపెట్టేద్దామనుకుంటున్నారా?"

వాసుదేవరావు అరుపుకి వర్క్‌షాపు రేకులు అదిరాయి. సుమంత్ చేతిలో స్పానర్ చేతిలోనే ఉండిపోయింది. ఈ పరాయి దేశంలో మాసన్ లేక్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ల కార్లన్నీ పన్నెండేళ్లుగా అతని చేతి మీదే నడుస్తున్నాయి. ఇన్ని తిట్లు అతన్నెవరూ తిట్టలేదు.

"అంకుల్, బ్రేకు సిలిండర్లు మార్చా. పైపులు మార్చా. లీక్ లేదంటే నమ్మరేంటి?"

"లేకపోతే ఆ తడి ఎక్కడిది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఇద్దరి మధ్యా నేలని కరుచుకుని ఉంది కారు. 1948 నాటి రెండు తలుపుల కూపే. బరోసా వైపు ఒక ద్రాక్షతోట షెడ్డులో, లోపల కోళ్లు గుడ్లు పెడుతుండగా దొరికింది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన వాసుదేవరావు దానికోసం వెల్డింగు నేర్చుకున్నాడు. ఆరేళ్లు పట్టింది. స్ప్రింగులు మార్చి, రూలు ఒప్పుకున్నంత మేరా బండిని కిందికి దించాడు. వెనక చక్రాలకి ఫెండర్ స్కర్టులు, అంటే చక్రాన్ని దాదాపు మూసేసే రేకు పలకలు, తనే వంచి తనే బిగించాడు. పక్కనుంచి చూస్తే వెనకవైపు చక్రమే కనపడదు. మెరూన్ రంగు కారు రోడ్డు మీద జారుతున్నట్టే ఉంటుంది.

అన్నీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేదు. తనిఖీలో పాసైతే గానీ అది రాదు.

మొదటి తనిఖీలో ఇన్‌స్పెక్టర్ చాప పరుచుకుని పడుకున్నాడు. కారు కిందికి తల పట్టలేదు. స్కర్టు అంచు లోపలికి వేలు పోనిచ్చి బయటికి తీశాడు. తడి. లేత పసుపు. కాస్త జిగట.

"బ్రేక్ ఆయిల్ కారుతోంది, మేట్. రెండు పక్కలా. బాగు చేయించుకుని రా."

"ఆ స్కర్టు విప్పి చూడండి. నాలుగే బోల్టులు!"

"మా పని చూడటం. విప్పటం కాదు."

అదీ ఈ తనిఖీల బాగోతం. పడుకుని వేలు పెడతాడు, లేచి కాగితం మీద అడ్డగీత గీస్తాడు. ఆ రెండిటి మధ్యా కాస్త బుర్ర పెట్టవయ్యా అంటే రూల్సులో లేదంటాడు.

సుమంత్ విప్పాడు. అప్పటికి తడి ఆరిపోయింది. బ్రేకు డ్రమ్ములు శుభ్రంగా ఉన్నాయి. అయినా అనుమానం ఎందుకని కొత్త సిలిండర్లు వేశాడు. రెండో తనిఖీలో అదే వేలు, అదే తడి. పైపులు మార్చాడు. మూడోసారి ఇన్‌స్పెక్టర్ వేలు వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏ కంపెనీ ఆయిల్ పోస్తున్నావు మేట్, ఇలా ఉంది?"

అడిగాడే గానీ, జవాబు వినకుండానే గీత గీసేశాడు.

"టెంపరరీ పర్మిట్ మీద ముప్ఫై కిలోమీటర్లు తోలా అంకుల్. చుక్క పడలేదు," అన్నాడు సుమంత్.

"అంటే ఏంట్రా? వాణ్ణి చూస్తేనే నా కారుకి ఒంటేలొస్తోందా?"

సుమంత్‌కి నవ్వాగలేదు. వాసుదేవరావు నవ్వలేదు. స్కర్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆయన దగ్గర టైము లేదు. పోయిన నెల కంటి డాక్టర్ ప్రియ మెల్లిగానే చెప్పింది. "సారీ అంకుల్. వచ్చే నెలాఖరు దాకానే. ఆ తర్వాత మీ లైసెన్సు ఫారం మీద నేను సంతకం పెట్టలేను." ఆయన చూపు అంచుల్నుంచి మూసుకొస్తోంది. ఈలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ కూపేని తన చేత్తో గ్లెనెల్గ్ సముద్రం దాకా నడపాలి. ఇంకేమీ అడగటం లేదు. సోమవారం నాలుగో తనిఖీ. ఈ నెలకి అదే ఆఖరి బుకింగు. అదీ పోతే మళ్లీ దొరికేది ఏడు వారాల తర్వాతే.

సోమవారం పొద్దున్నే సుమంత్ తనే ఇంటికొచ్చాడు. స్కర్టులు విప్పాడు. డ్రమ్ములు, టైర్లు, స్కర్టుల లోపలివైపు, అన్నీ టిష్యూతో తుడిచి వాసుదేవరావు కళ్ల దగ్గరగా పెట్టి చూపించాడు. తెల్లగా ఉంది. పది నిమిషాలు బ్రేకు తొక్కిపెట్టి ఉంచమని మళ్లీ తుడిచాడు. మళ్లీ తెల్లగానే ఉంది.

"ఒట్టు అంకుల్. ఇవాళ తడి కనపడితే షాపు మూసేస్తా."

"నువ్వు మూసేదేంటి, నేనే వచ్చి తగలబెడతా."

సుమంత్ బోల్టులు బిగించి, ఆల్ ది బెస్ట్ చెప్పి వెళ్లిపోయాడు.

వాసుదేవరావు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను ఒక్క తాపుకే అందుకుంది. ఆరేళ్లలో మొదటిసారి ఆయనకి ధైర్యం వచ్చింది. ఈసారి గీత పడదు. సాయంత్రానికి గ్లెనెల్గ్.

గేరు మీద చెయ్యి వేశాడో లేదో, ఇంట్లోంచి కేక వినపడింది.

"ఆగండాగండి, కదిలించకండి!"

భార్య శేషుకుమారి పళ్లెం పట్టుకుని పరుగున వచ్చింది. మూడుసార్లూ దగ్గరుండి కారుని సాగనంపింది ఆవిడే. మూడుసార్లూ మొగుడు మొహం వేలాడేసుకుని రావటం చూసింది. చూసి చూసి ఆవిడకీ ఒళ్లు మండిపోయింది. కొంగు దోపుకుని వెనక చక్రం దగ్గర వంగింది.

"ఈ పాడు దిష్టికి చక్రానికో నిమ్మకాయ ఏ మూలకీ చాలట్లేదండీ, ఇవాళ మూడేసి పెడుతున్నా, బాగా పిప్పయ్యేలా తొక్కించి మరీ వెళ్లండి!"