గట్టు దాటిన రంగు

"సూడు, పసుపు రంగు గట్టు కాడే ఆగిపోయింది. తెగులు మన పక్క చేను రామ్మూర్తిదే. ఇయ్యాల ఆడ్ని పదిమందిలో నిలదీస్తాను," అన్నాడు గౌరీశంకర్. చోడవరం కాలేజీలో చదివే కూతురి ల్యాప్‌టాప్‌లో, డ్రోన్ తీసిన చెరుకు తోటల ఫొటో ఉంది.

"తొందరపడకు నాన్నా. ఈ స్క్రీన్ రంగుల్ని చారలు చారలుగా కోసేస్తంది. ఉండు, సరిచేస్తన్నాను," అంది షర్మిల.

సెట్టింగ్ మార్చగానే మెట్లుమెట్లుగా ఉన్న రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గట్టు దగ్గరి గీత మాయమైంది. రామ్మూర్తి చేలోని లేత పసుపు గట్టు దాటి, తమ తోటలోకి వచ్చేకొద్దీ చిక్కబడి, నడిమధ్యన ఎండుటాకు రంగుకు తిరిగింది.

గౌరీశంకర్ భుజాన వేసుకున్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అంటే ఏటమ్మా, మొదలు మన చేలోనేనా?"

"నిరుడు రామ్మూర్తి నాటింది మన విత్తనం చెరుకు ముక్కలే కదా. ఈ ఎర్రకుళ్ళు తెగులు ఆ ముక్కలతోనే పాకుతాది నాన్నా. ఈ ఏడు ఇంకెవరికైనా ఇచ్చేవా?"

అతను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. వడ్డాది ఊరి రైతు గొంతు సంబరంగా ఉంది.

"బాబూ, నువ్విచ్చిన ముక్కలు బాగా సరిపోయేయి. ఊరందరం పంచుకుని నాటేసేం!"